రొమ్ము మొత్తం తీయించాలా, గడ్డ వరకు తీస్తే చాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. అమ్మగారికి 54 ఏళ్లు, ఖమ్మం దగ్గర పల్లెలో ఉంటారు. ఎడమ రొమ్ములో రెండున్నర సెంటీమీటర్ల గడ్డ ఉంది. సూది బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చింది. చంకలో చేతికి ఏమీ తగల్లేదు, గడ్డ హార్మోన్లకు స్పందిస్తుందా అని చూసే ఈఆర్, పీఆర్, దాని మీద హెర్-2 అనే ప్రొటీన్ ఎక్కువుందా అని చూసే హెర్-2 రిపోర్టు ఇంకా రాలేదు. ఊళ్లో సర్జన్ "మొత్తం తీసేద్దాం, పీడ వదులుతుంది" అని వచ్చే సోమవారానికి తేదీ ఇచ్చారు. హైదరాబాద్‌లో చూపిస్తే "గడ్డ వరకు తీసి రేడియేషన్ ఇద్దాం" అన్నారు. మామయ్య, పెద్దమ్మ మొత్తం తీయించమంటున్నారు. ఎవరి మాట వినాలి, గడ్డ మాత్రమే తీస్తే మళ్లీ వస్తుందా అన్నది మీ టెన్షన్.

ముందు సూటిగా జవాబు చెప్తాను. మొత్తం తీసినా, గడ్డ వరకు తీసి రేడియేషన్ ఇచ్చినా ఆయుష్షులో తేడా లేదు. మీరు రాసినదాన్ని బట్టి అమ్మగారికి రెండో పద్ధతి కుదిరే అవకాశం చాలా ఉంది. కానీ సోమవారం నాటి ఆపరేషన్ మాత్రం, అది ఏ పద్ధతిదైనా సరే, ఆ హెర్-2 రిపోర్టు వచ్చేదాకా ఆపండి. ఎందుకో కింద రాస్తాను. నేను ఎక్కువగా రొమ్ము ఆపరేషన్లే చేసే సర్జన్‌ని. అయినా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) చూడకుండా, చేత్తో పరీక్ష చెయ్యకుండా ఇంతకంటే గట్టిగా చెప్పడం సరికాదు.

మీ మామయ్య ఆలోచనలో తప్పేమీ లేదు. ఎంత ఎక్కువ తీస్తే అంత మంచిదని దాదాపు ఎనభై ఏళ్లు డాక్టర్లే నమ్మారు. 1890లలో అమెరికాలో హాల్‌స్టెడ్ అనే సర్జన్ రొమ్ముతో పాటు కింద ఉన్న ఛాతీ కండరాలు, చంకలో ఉన్నదంతా కలిపి తీసేసేవారు. క్యాన్సర్ రొమ్ములో మొదలై అంగుళం అంగుళం బయటికి పాకుతుందని, దాని ముందుకెళ్లి కోస్తే ఆగిపోతుందని అప్పటి లెక్క. 1970లలో బెర్నార్డ్ ఫిషర్ అమెరికాలో, ఉంబెర్టో వెరోనేసి ఇటలీలోని మిలాన్‌లో ఆ లెక్కను పరీక్షకు పెట్టారు. ఆడవాళ్లను గుంపులుగా విడదీసి కొందరికి మొత్తం, కొందరికి గడ్డ ఉన్న భాగం తీశారు. మిలాన్‌లో 701 మంది, అమెరికాలో 1,800 పైచిలుకు. ఇరవై ఏళ్లు వెంటబడి చూసి 2002లో ఇద్దరూ ఫలితాలు ప్రచురించారు. బతికిన కాలంలో తేడా రాలేదు.

కారణం ఇదీ. రొమ్ము క్యాన్సర్‌తో ఎవరైనా చనిపోతే అది రొమ్ములో ఉన్న గడ్డ వల్ల కాదు. ఊపిరితిత్తులకు, కాలేయానికి, ఎముకలకు, మెదడుకు చేరిన కణాల వల్ల. అవి బయల్దేరేది ఉంటే ఆపరేషన్‌కు ముందే రక్తంలో బయల్దేరి ఉంటాయి. వాటి పని పట్టేవి మందులు: కీమో, హార్మోన్ మాత్రలు, హెర్-2 ఇంజక్షన్లు. రొమ్ములో ఇంకో నాలుగు అంగుళాలు ఎక్కువ కోసినంత మాత్రాన అవి ఆగవు.

మళ్లీ వస్తుందా అన్నారు. రావచ్చు, దాచడం దేనికి. ఫిషర్ పరీక్షలో గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్లలో ఇరవై ఏళ్లలో అదే రొమ్ములో మళ్లీ వచ్చింది 14.3 శాతం మందికి. రేడియేషన్ ఇవ్వనివాళ్లలో 39.2 శాతం. ఇప్పటి మందులతో, ఇప్పటి స్కానింగులతో మొదటి అంకె బాగా తగ్గింది. వచ్చినా అప్పుడు మొత్తం తీయడానికి దారి ఉంటుంది. ఇంకో మాట. మొత్తం తీసేసినవాళ్లకూ ఛాతీ మీద, కుట్టు పక్కన చర్మంలో మళ్లీ రావచ్చు. "పీడ వదులుతుంది" అనే హామీ ఏ ఆపరేషన్‌కూ లేదు.

ఆ రెండు అంకెల మధ్య ఉన్న తేడాను బట్టి గడ్డ వరకు తీయించుకుంటే రేడియేషన్ తప్పనిసరి అనుకోండి. డెబ్బై దాటి, చిన్న గడ్డ, హార్మోన్ పాజిటివ్ ఉన్న కొందరిలో మానేస్తాం గానీ అమ్మగారి వయసుకు అది వర్తించదు. మా వైపు మనుషులు "కరెంటు పెట్టడం" అంటే భయపడతారు. ఒకప్పుడు ఐదారు వారాలు రోజూ వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు చాలాచోట్ల 15, 16 సార్లు, అంటే మూడు వారాల్లో అయిపోతుంది. అవసరమైతే గడ్డ ఉన్న చోటికి ఇంకొన్ని రోజులు కలుపుతారు. బ్రిటన్‌లో 2020లో వచ్చిన ఒక పరీక్ష తర్వాత కొన్ని కేంద్రాల్లో ఎంపిక చేసిన పేషెంట్లకు ఐదు రోజుల్లోనే ముగిస్తున్నారు. అమ్మగారిది ఎడమ వైపు కాబట్టి గుండె మీద రేడియేషన్ పడకుండా ఊపిరి బిగపట్టించి ఇచ్చే పద్ధతి ఉందేమో అడగండి.

మూడు వారాలు హైదరాబాద్‌లో ఉండటం కూడా ఒక లెక్కే. ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చిన ఒకామె గడ్డ చిన్నది, అన్నీ అనుకూలమే. అయినా మొత్తం తీయమంది. పత్తి ఏరే రోజులు, ఇంట్లో మంచాన పడ్డ అత్తగారు, నగరంలో తలదాచుకోవడానికి ఎవరూ లేరు. ఆమెకు నేను మొత్తమే తీశాను, అది సరైన నిర్ణయమే అనుకుంటున్నాను. రేడియేషన్ సగంలో మానేసే పరిస్థితి ఉంటే గడ్డ వరకు తీయడం అన్నిటికంటే చెడ్డ దారి. కాకపోతే ఆమెకు ముందే చెప్పిన మాట మీకూ చెప్పాలి: మొత్తం తీసినంత మాత్రాన రేడియేషన్ తప్పుతుందని రాసిపెట్టుకోకండి. గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, చంకలో నాలుగు లేదా అంతకంటే ఎక్కువ బిళ్లల్లో (లింఫు గ్రంథుల్లో) క్యాన్సర్ ఉన్నా, చర్మానికి పాకినా అప్పుడూ ఇస్తారు. ఒకటి నుంచి మూడు బిళ్లలైతే మనిషిని బట్టి ఆలోచిస్తారు. ఆమె అదృష్టం, అవసరం పడలేదు.

మొత్తం తీయక తప్పని సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఒకే రొమ్ములో దూరదూరంగా గడ్డలుండటం, మామోగ్రామ్‌లో రొమ్మంతా సున్నపు చుక్కలు పరుచుకుని ఉండటం, రొమ్ము ఎర్రబడి వాచి నారింజ తొక్కలా మారే ఇన్‌ఫ్లమేటరీ రకం, ఇంతకు ముందు అక్కడే రేడియేషన్ పడి ఉండటం. ఇంకా, గడ్డ చుట్టూ అంచు శుభ్రంగా రాక రెండోసారి కోసినా రాకపోవడం. చిన్న రొమ్ములో పెద్ద గడ్డ ఉంటే తీశాక మిగిలేది ఆకారం లేకుండా పోతుంది, అక్కడ కూడా ఆలోచించాలి. పక్కనున్న కొవ్వును, వీపు మీది కండరాన్ని జరిపి ఆకారం నిలిపే ఆపరేషన్లు ఇప్పుడున్నాయి, అవి చేసే చెయ్యి దొరకాలి. ఇవేవీ లేకుండా "మా దగ్గర ఇదే చేస్తాం" అని మాత్రమే కారణం చెబితే ఇంకో చోట చూపించుకోవడంలో మొహమాటం పడొద్దు.

ఇప్పుడు మీరు అడగని విషయానికి వస్తాను. అందరూ రొమ్ము గురించే అడుగుతారు. ఆపరేషన్ తర్వాత ఏళ్ల తరబడి రోజువారీ బతుకును ఎక్కువగా ఇబ్బంది పెట్టేది చంకలో చేసే పని. క్యాన్సర్ మొదట చేరే చోటు చంకలోని బిళ్లలు. పాత పద్ధతిలో అనుమానం ఉన్నా లేకపోయినా కొవ్వుతో సహా బిళ్లలన్నీ తీసేసేవారు, ఇప్పటికీ చాలాచోట్ల అలవాటుగా తీస్తున్నారు. అన్నీ తీసినవాళ్లలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి తర్వాత ఎప్పుడో చెయ్యి వాస్తుంది. కొందరికి ఏడాదికి, కొందరికి ఐదేళ్లకు. ముందు గాజులు బిగుతవుతాయి, రవిక చెయ్యి ఎక్కదు, తర్వాత ముంజేయి నొక్కితే సొట్ట పడుతుంది. ఒకసారి ముదిరిన వాపు పూర్తిగా పోవడం కష్టం. బిగుతు తొడుగు, కట్లు, మర్దన జీవితాంతం ఉంటాయి.

నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చే ఒక పేషెంట్ బీడీలు చుడుతుంది. వేరేచోట ఆపరేషన్ అయ్యాక నా దగ్గరికి చెకప్‌కి వస్తుంది. ఆమె కాగితాలు చూస్తే చంకలో 19 బిళ్లలు తీశారు, ఒక్కదాంట్లోనూ క్యాన్సర్ లేదు. క్యాన్సర్ తిరగబెట్టలేదు, సంతోషమే. కానీ కుడి చేతి వేళ్లు వాచి తునికాకు చుట్టలేకపోతోంది. రొమ్ము లేదన్న బాధ ఆమె నోట నేనెప్పుడూ వినలేదు, ఆ వేళ్ల గురించే ప్రతిసారీ ఏడుస్తుంది.

దీనికి మార్గం సెంటినెల్ నోడ్ బయాప్సీ. రొమ్ము నుంచి వచ్చే లింఫు అనే ద్రవం ముందుగా ఏ బిళ్లకు చేరుతుందో రంగుమందుతోనో, కొద్దిపాటి రేడియోధార్మిక మందుతోనో, రెండిటితోనో కనిపెట్టి ఆ ఒకటి నుంచి మూడు నాలుగు వరకు మాత్రమే తీస్తాం. మత్తులో ఉండగా మిథిలీన్ బ్లూ ఎక్కించి కాసేపు మర్దన చేస్తే చంకలో సన్నటి నీలి దారం కనబడుతుంది, దాని చివర నీలం రంగు పట్టిన బిళ్ల ఉంటుంది. దాన్ని పరీక్షిస్తే చాలు. అందులో క్యాన్సర్ లేకపోతే మిగతావి ముట్టుకోం. ఇలా చేసినవాళ్లలో చెయ్యి వాపు సుమారు ఇరవై మందిలో ఒకరికి. మర్నాడు మూత్రం పచ్చగానో నీలంగానో వస్తే కంగారు పడొద్దని ముందే చెప్పండి అమ్మకు. మేం చెప్పడం మర్చిపోతే వార్డులో అర్ధరాత్రి గోల మొదలవుతుంది.

ఒకటి రెండు బిళ్లల్లో ఉన్నా అన్నీ తీయాల్సిన పని లేని సందర్భాలున్నాయి. అమెరికాలో జరిగిన జడ్-11 అనే పరీక్షలో, గడ్డ వరకు తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్లలో ఒకటి లేదా రెండు సెంటినెల్ బిళ్లలు పాజిటివ్ వచ్చినా మిగతావి వదిలేశారు. పదేళ్ల తర్వాత చూసినా బతికే అవకాశం తగ్గలేదు. మిగిలిన పని రేడియేషన్, మందులు చూసుకుంటాయి. కాబట్టి ఏ సర్జన్ దగ్గరికి వెళ్లినా రొమ్ము సంగతి అడిగాక "చంకలో ఏం చేస్తారు, సెంటినెల్ చేస్తారా" అని అడగండి. ఆ జవాబును బట్టి డాక్టర్ ఈ పనిలో ఎంత ఉన్నారో కూడా మీకు తెలుస్తుంది.

సోమవారం ఆపమన్నది ఎందుకంటే, ఆ రిపోర్టును బట్టి వరసే మారిపోవచ్చు. ఈఆర్ పాజిటివ్, హెర్-2 నెగటివ్ అయి చంక శుభ్రంగా ఉంటే మామూలుగా ముందు ఆపరేషనే. హెర్-2 పాజిటివ్ గానీ ట్రిపుల్ నెగటివ్ (ఈ మూడూ నెగటివ్) గానీ అయితే రెండు సెంటీమీటర్లు దాటిన గడ్డకు సాధారణంగా ముందు కీమో ఇస్తాం, తర్వాతే కత్తి. అమ్మగారిది రెండున్నర. ముందు మందు ఇస్తే గడ్డ కుంచించుకుపోతుంది, మొత్తం తీయాల్సిన చోట భాగంతో సరిపోవచ్చు. అంతకంటే ముఖ్యం, మందు పనిచేస్తోందో లేదో కళ్లముందే తెలుస్తుంది. ఆపరేషన్‌లో ఇంకా క్యాన్సర్ మిగిలి ఉంటే తర్వాత వేరే మందు కలపొచ్చు. గడ్డ ముందే తీసేస్తే ఆ సమాచారం ఇక దొరకదు. కీమో మొదలుపెట్టే ముందు గడ్డలో చిన్న లోహపు క్లిప్ పెట్టించడం మాత్రం మర్చిపోవద్దు. గడ్డ పూర్తిగా కరిగిపోతే, అది ఎక్కడుండేదో చూపించడానికి ఆ క్లిప్పే గుర్తు.

రెండు మూడు వారాలు ఆగితే పాకిపోతుందని భయపడకండి. ఆ గడ్డ చేతికి తగిలే సైజుకు రావడానికే చాలా కాలం పట్టి ఉంటుంది. నెలల తరబడి నాటుమందులతో గడపడం వేరు, సరైన రిపోర్టు కోసం పది రోజులు ఆగడం వేరు. అలాగే "సూది గుచ్చారు కాబట్టి లేచింది" అనే మాట మీ పెద్దమ్మ అనే ఉంటారు. సూది బయాప్సీ వల్ల ఆయుష్షు తగ్గదు. నిజంగా నష్టం చేసేది సూది లేకుండా కోయడం. బయాప్సీ లేకుండా "కొవ్వు గడ్డే" అని ఏదో నర్సింగ్ హోమ్‌లో తీయించుకుని, ముక్క కూడా పరీక్షకు పంపకుండా పారేసి, ఆరు నెలలకు కుట్టు పక్కన మళ్లీ ఉబ్బితే వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అప్పుడు మొదటి గడ్డ ఎంతుంది, ఏ రకం, అంచులు ఎలా ఉన్నాయి, ఏమీ తెలియదు. మీరు ఆ విషయంలో సరిగ్గానే నడిచారు.

ఆపరేషన్ గురించి రెండు మూడు ఆచరణ మాటలు. గడ్డ తీసిన అంచుల మీద సిరా పూసి ల్యాబ్‌కు పంపుతాం. సిరా తగిలిన చోట క్యాన్సర్ కణం లేకపోతే చాలని 2014 నుంచి అంగీకారం ఉంది. ఉంటే ఇంకోసారి కొంచెం తీయాలి, ఇది కొందరిలో జరుగుతుంది. సంతకం పెట్టేటప్పుడే తెలిసి ఉంటే తర్వాత డాక్టర్ మీద అనుమానం రాదు. మొత్తం తీసినా, చంకలో అన్నీ తీసినా లోపల ఊరే నీరు బయటికి రావడానికి ఒక గొట్టం, దాని చివర ప్లాస్టిక్ బుడ్డితో ఇంటికి పంపుతారు. మెళ్లో వేసుకునేలా చిన్న గుడ్డ సంచి కుట్టించండి. రోజూ ఒకే వేళకు ఆ నీరు కొలిచి క్యాలెండర్ మీద రాయండి. రోజుకు 30 మిల్లీలీటర్ల లోపుకు దిగి రెండు రోజులు అలాగే ఉంటే సాధారణంగా తీసేస్తాం. భుజం వ్యాయామం డాక్టర్ చెప్పిన రోజు నుంచే మొదలెట్టాలి, గోడ మీద వేళ్లతో పాకించడం లాంటిది. నొప్పని చెయ్యి ఒడిలో పెట్టుకు కూర్చుంటే నెల తిరిగేసరికి జడ వేసుకోలేరు, దండెం అందుకోలేరు. రేడియేషన్ బల్ల మీద కూడా చెయ్యి తలపైకి లేపి పడుకోవాలి, లేవకపోతే అక్కడ ఆగిపోతుంది.

ముంబై టాటా మెమోరియల్ వాళ్లు 2023లో ప్రచురించిన పరిశోధన ఒకటి కూడా అడగదగ్గదే. ముందు ఆపరేషనే చేస్తున్న 1,600 మందిలో సగం మందికి కోతకు కొద్ది నిమిషాల ముందు గడ్డ చుట్టూ లిగ్నోకైన్ ఎక్కించారు. పళ్ల డాక్టర్లు వాడే మత్తుమందే. ఐదేళ్లకు బతికి ఉన్నవాళ్లు 86.4 శాతం నుంచి 90.1 శాతానికి పెరిగారు. ఖర్చు దాదాపు ఏమీ లేదు. అందరూ ఇంకా చేయడం లేదు, నేను వాడుతున్నాను.

మొత్తం తీయించుకోవాలనే తేలితే తిరిగి రొమ్ము ఆకారం కట్టించుకునే దారులున్నాయి: సిలికాన్, వీపు కండరం, పొట్ట కొవ్వు. రేడియేషన్ పడుతుందనుకుంటే సిలికాన్ గట్టిపడే ఇబ్బంది ఎక్కువ, అది ముందే మాట్లాడుకోవాలి. "ఈ వయసులో ఎందుకు" అని కుటుంబం తేల్చేయకూడదు. వద్దనుకున్నవాళ్లకు బ్రాలో పెట్టుకునే సిలికాన్ ప్యాడ్ దొరుకుతుంది. రెండో వైపు కూడా తీసేయమని అడిగేవాళ్లు పెరిగారు. జన్యుపరంగా బీఆర్‌సీఏ లాంటి లోపం లేనివాళ్లకు దానివల్ల ఆయుష్షు పెరగదు. అమ్మగారిది ట్రిపుల్ నెగటివ్ అని వచ్చినా, పిన్ని, అమ్మమ్మ, మేనత్త వరసలో ఎవరికైనా రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ ఉన్నా ఆ పరీక్ష గురించి అడగండి. అది మీకూ సంబంధించినదే. అమ్మకు ఆ లోపం ఉంటే మీకూ ఆ లోపం వచ్చి ఉండే అవకాశం సగానికి సగం.

మీ ప్రశ్నలో మామయ్య ఏమన్నారో ఉంది, పెద్దమ్మ ఏమన్నారో ఉంది, ఇద్దరు డాక్టర్లు ఏమన్నారో ఉంది. అమ్మ ఏమన్నారో లేదు. ఆమెకు జబ్బు పేరు చెప్పారా? చాలా ఇళ్లలో "గడ్డ" అని మాత్రమే చెప్పి తీసుకొస్తారు. పక్కనుంచి నాకు సైగలు చేస్తారు, చెప్పొద్దని. కీమో వార్డులో కూర్చున్న మొదటి గంటలోనే పక్క మంచం ఆవిడ చెప్పేస్తుంది. రెండు దారులూ సమానంగా ఉన్నప్పుడు ఎంచుకోవాల్సింది ఆమే. "ఏదీ మిగలకుండా తీసేయండి, లేకపోతే నాకు నిద్ర పట్టదు" అని ఆమే అంటే అది కూడా సరైన కారణమే, నేను వాదించను. "నా ఒంట్లోది ఎందుకు తీయాలి" అంటే అదీ అంతే.

డబ్బు విషయం: తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఈ ఆపరేషన్లు, కీమో, రేడియేషన్ కవర్ అవుతాయి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, నిమ్స్, బసవతారకం ఉన్నాయి. ఆంధ్ర వైపు చదివేవాళ్లకు విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా హాస్పిటల్ ఉంది. ఏ ఆస్పత్రి అయినా సర్జన్, కీమో డాక్టర్, రేడియేషన్ డాక్టర్ ముగ్గురూ కలిసి కేసు చూసే చోటు అయితే మంచిది.

ఈ వారం చేయాల్సింది ఇదే. బయాప్సీ చేసిన ల్యాబ్ నుంచి రిపోర్టుతో పాటు ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులు, స్లైడ్లు అడిగి తీసుకోండి, అవి పేషెంట్‌కు ఇస్తారు. రెండు రొమ్ముల మామోగ్రామ్, చంక అల్ట్రాసౌండ్ కాకపోతే చేయించండి. ఈఆర్, పీఆర్, హెర్-2 వచ్చాక ఇక్కడే రాయండి. హెర్-2 పక్కన 2+ అని ఉంటే ఫిష్ అనే ఇంకో పరీక్ష చేయాలి, దానికి ఇంకో వారం పడుతుంది, ఆ వారం కూడా ఆగండి.